ఊపులోనున్నది వేగము

పల్లెలలో బిళ్ళంగోడాడు బాలురను చూచినచో ఒక విశేషము కనబడును. కండలు తిరిగిన పెద్దబాలుడు పండ్లు బిగబట్టి, భుజములు బిగించి, తన బలమంతయు చూపి బిళ్ళను కొట్టును. అది నాలుగడుగుల దూరము పోయి పడును. వాని తరువాత ఒక బక్కపలుచని బాలుడు వచ్చి, నవ్వుచు, కర్రను తేలికగా విసరును. బిళ్ళ వీథి చివరకు ఎగిరిపోవును. చూచువారు వాని చేతిలో ఏదో మంత్రమున్నదందురు. మంత్రమేమియు లేదు. బలము వేరు, వేగము వేరు. బలమును వేగముగా మార్చుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమము తెలిసినవానికి దెబ్బ సులభము. తెలియనివానికి శ్రమయే మిగులును. ఈ సత్యము గాల్ఫు అను క్రీడయందు మిక్కిలి స్పష్టముగా గోచరించును.

గాల్ఫు స్కాట్లండు దేశమున పెరిగిన ఆట. యువకులు విలువిద్యను మాని ఈ ఆటయందును, కాలిబంతి ఆటయందును మునిగి తేలుచున్నారని 1457లో ఆ దేశపు శాసనసభ ఈ రెంటిని నిషేధించినది. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది. మన దేశమున 1829లో కలకత్తాలో వెలసిన గాల్ఫు సంఘము, బ్రిటిషు దీవులకు వెలుపల నున్న గాల్ఫు సంఘములలో మిగుల ప్రాచీనమైనది. నేడు హైదరాబాదున గోలకొండ కోట చెంతను, విశాఖపట్టణమునందును గాల్ఫు మైదానములు కలవు.

ఆట నియమములు సులభములే. బంతి చిన్నది. దాని బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దానిని కర్రతో కొట్టుచు, చాల దూరమున పచ్చికలో నున్న 108 మిల్లీమీటర్ల వెడల్పుగల గుంటలో వేయవలెను. ఇట్టి గుంటలు పదునెనిమిది. అన్నిటిని ముగించునప్పటికి ఎవరు తక్కువ దెబ్బలు కొట్టిరో వారిదే గెలుపు. ఆటగాడు తనవెంట పదునాలుగు కర్రలవరకు తెచ్చుకొనవచ్చును. వానిలో పొడవైనదానికి డ్రైవరని పేరు. మీటరుకు మించిన సన్నని కాడ, దాని చివర సుమారు 200 గ్రాముల బరువుగల తల, ఇవియే దాని ముఖ్యభాగములు. బంతిని చాల దూరము పంపవలసినచోట మొదటి దెబ్బను సామాన్యముగా దీనితోనే కొట్టుదురు. కర్రను వెనుకకెత్తి, క్రిందికి దింపి, బంతిని తాకి, ముందునకు సాగించు కదలికనంతటిని కలిపి ఆంగ్లమున 'స్వింగు' అందురు. తెలుగున దానిని ఊపు అనవచ్చును.

మేటి ఆటగాడు డ్రైవరును ఊపినప్పుడు కర్రతల గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో బంతిని తాకును. ఈ ఆటను వృత్తిగా గొన్న స్త్రీల ఊపులో ఆ వేగము సుమారు 150 కిలోమీటర్లు. చక్కగా తగిలిన బంతి కర్రతల వేగమునకు ఒకటిన్నర రెట్ల వేగముతో బయలుదేరును. అయితే కర్రతలయు బంతియు ఒకదానినొకటి అంటియుండు కాలమెంత? సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే! రెప్పపాటులో నూరవ వంతైనను కాదు. అంత స్వల్పకాలములో బంతిని బలముతో నెట్టుటకు అవకాశమెక్కడిది? ఆటగాడు దెబ్బ తగిలినదని తెలిసికొనునప్పటికే బంతి ఆకాశమున నుండును. కావున తాకుక్షణమునకు ముందే కర్రతల ఎంత వేగమును సంపాదించుకొన్నదో అదియే ప్రధానము.

బరువును పెంచిన చాలదా యని ఎవరైన అడుగవచ్చును. చాలదు. కర్రతల బరువును 200 గ్రాములనుండి 400 గ్రాములకు పెంచి, మునుపటి వేగముతోనే ఊపగలిగితిమనుకొందము. లెక్క వేసి చూచినచో బంతివేగము సుమారు పదవ వంతు మాత్రమే పెరుగును. తలబరువు మార్చక, ఊపు వేగమును పదవ వంతు పెంచినను అదే ఫలితము కలుగును. అంతియే కాక, రెట్టింపు బరువుగల తలను మునుపటి వేగముతో ఊపుట మానవునకు సాధ్యము కాదు. అందువలన బరువుకంటె వేగమే మేలు.

ఇక ఆ వేగమును సంపాదించు విధమేది? తెలియనివాడు వేగము కావలెనన్నంతనే కర్రను గట్టిగా పట్టుకొనును. మోచేతులు, భుజములు, మెడ బిగించును. ఇక్కడనే పొరపాటు జరుగుచున్నది. మన దేహమున కండరములు సామాన్యముగా జతలుగా పనిచేయును. మోచేతిని వంచుటకు ముందువైపు కండరమును, చాచుటకు వెనుకవైపు కండరమును ఉపయోగపడును. ఒకటి బిగిసినప్పుడు రెండవది సడలవలెను. అన్నిటిని ఒకేసారి బిగించినవాడు బండికి ముందొక యెద్దును, వెనుకనొక యెద్దును కట్టి తోలినవానివంటివాడు. ఎద్దులు రెండును అలసిపోవును, బండి కదలదు. పట్టు బిగిసినకొలది మణికట్టు కూడ బిగుసుకొనిపోవును. మణికట్టు ఊపునకు కీలువంటిది. కీలు బిగిసిన తలుపు తెరచుకొననట్లే, మణికట్టు బిగిసిన ఊపు సాగదు. ఆటగాడు ఎంతో శ్రమపడినట్లు తోచును; కర్రతల మాత్రము మందముగానే పోవును. ఇట్లు అక్రమముగా దేహమును మెలిపెట్టుటచే నడుమునొప్పియు కలుగవచ్చును.

బండివాని చర్నాకోలను చూడుడు. వాని చేయి కదలునది జానెడు. పిడి కొంచెము ముందునకు పోయి ఆగును. ఆగినంతనే దాని చలనము త్రాటిలోనికి ప్రవేశించి, లావైన భాగమునుండి సన్నని భాగమునకు ప్రాకుచు, కొస చేరునప్పటికి ధ్వనివేగమును మించును. చెళ్ళుమను చప్పుడు అందువలననే పుట్టుచున్నది. మంచెపై నిలిచి పిట్టలను తోలువాని ఒడిసెలయు నిట్టిదే. వాడు రాతిని చేతితో నెట్టుట లేదు. రాయి త్రాటిచివర తిరుగుచు తన వేగమును తాను పెంచుకొనునట్లు చేయుచున్నాడు. చేయి దారి చూపును, రాయి పరుగెత్తును.

గాల్ఫు ఊపులో జరుగునదియు నిదియే. కుడిచేతివాటము గల ఆటగాడు తన ఎడమభుజము లక్ష్యమువైపు నుండునట్లు బంతికి ప్రక్కగా నిలుచును. కర్రను వెనుకకెత్తునప్పుడు భుజములు చాలవరకు తిరుగును. నడుము అంతకంటె తక్కువ తిరుగును. ఆ భేదమువలన మొండెము మెలిపెట్టిన త్రాడువలె నగును. బరువు కుడిపాదముపైకి చేరును. ఊపు శిఖరమున మణికట్టులు వంగి, ఎడమచేతికిని కర్రకును నడుమ ఇంచుమించు లంబకోణ మేర్పడును. పిదప క్రిందికి దిగుట యారంభమగును. ఈ యారంభము చేతులతో కాదు, పాదములతో. ఎడమపాదము నేలను అదుమును. కటిభాగము లక్ష్యమువైపు తిరుగును. దాని వెంట మొండెము, మొండెము వెంట చేతులు, చేతుల వెంట కర్ర బయలుదేరును. ఇందొక చిత్రము కలదు. కటిభాగము తన పరమవేగమును పొంది నెమ్మదించునప్పుడు మొండెము వేగమందుకొనును. మొండెము నెమ్మదించునప్పుడు చేతులు వేగమందుకొనును. చేతులు నెమ్మదించునప్పుడు కర్రతల విజృంభించును. ఇల్లు కట్టుచోట వరుసగా నిలిచిన కూలీలు ఇటుకలను చేతినుండి చేతికి అందించునట్లు, అవయవములు వేగమును ఒకదానినుండి మరియొకదానికి అందించుచున్నవి. చివరకు కర్రతల వేగము చేతుల వేగమునకు నాలుగైదు రెట్లగును.

ఈ విషయము కంటికి కనబడునది కాదు. కర్ర శిఖరమునుండి బంతిని చేరుటకు పట్టు కాలము సెకనులో సుమారు నాలుగవ వంతు. 1930వ దశకమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునకు చెందిన హెరాల్డు ఎడ్జర్టను సమానమైన కాలవ్యవధులతో మెరయు దీపమును కల్పించి, డెన్స్‌మోర్ షూటు, బాబీ జోన్సు మున్నగు ప్రసిద్ధ ఆటగాండ్ర ఊపులను ఛాయాచిత్రములుగా తీసెను. ఒకే చిత్రమున కర్ర ఛాయలు విసనకర్ర ఆకులవలె వరుసగా పడెను. ఛాయల నడుమ ఎడము ఎక్కువైనచోట వేగమెక్కువ. ఎడము తక్కువైనచోట వేగము తక్కువ. బంతిని సమీపించుకొలది కర్రతల ఛాయలు ఎడమెడముగాను, చేతుల ఛాయలు దగ్గరదగ్గరగాను ఉండుట అట్టి చిత్రములలో చూడవచ్చును. తరువాత బ్రిటనులో అలెస్టరు కోక్రను, జాన్ స్టాబ్సు అనువారు శాస్త్రజ్ఞుల పరిశోధనలను క్రోడీకరించి 1968లో ఒక గ్రంథమును ప్రకటించిరి. వారు ఊపును ఒక కీలుతో కలిపిన రెండు కర్రలతో పోల్చిరి. భుజమునుండి చేతివరకు నున్నది మొదటి కర్ర. ఆటగాడు పట్టినది రెండవ కర్ర. నడుమ మణికట్టు కీలు. మొదటి కర్ర తిరుగుచుండగా రెండవది బయటకు విచ్చుకొనుటకు తానే యత్నించును. ఆ విచ్చుకొనుట సరియైన వేళ జరిగెనా, అధికవేగము కలుగును. ఆటగాడు తొందరపడి శిఖరముననే మణికట్టులను విప్పివేసెనా, కర్రతల వేగము గాలిలోనే ఖర్చుపడిపోవును. బంతిని చేరునప్పటికి మిగులునది స్వల్పము.

శాస్త్రజ్ఞులు ఇట్లు లెక్క కట్టకమునుపే, ఒక ఆటగాడు ఈ సత్యమును తన దేహముతో తెలిసికొనవలసి వచ్చెను. అతని పేరు ఎర్నెస్టు జోన్సు. అతడు 1887లో ఇంగ్లండున జన్మించి, యౌవనముననే గాల్ఫును వృత్తిగా స్వీకరించెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. జోన్సు సైన్యమున చేరెను. 1916లో ఫ్రాన్సు యుద్ధభూమిలో తీవ్రముగా గాయపడగా, వైద్యులు అతని కుడికాలిని మోకాలిక్రింద తొలగింపవలసివచ్చెను. అప్పటి కతనికి ముప్పది యేండ్లయినను నిండలేదు. కాళ్ళు, నడుము, భుజములు ఏయే విధముగా కదలవలెనో గురువులు గంటలకొలది బోధించు క్రీడ యది. ఒంటికాలితో దానిని ఆడుట అసాధ్యమని ఎవరైనను తలంతురు. అతని జీవనోపాధి యంతయు ఆ క్రీడయే.

కొన్ని నెలలు గడచినవి. జోన్సు మరల మైదానమునకు వచ్చి, ఒంటికాలిపై నిలిచి, పదునెనిమిది గుంటలను 83 దెబ్బలలో ముగించెను. రెండు కాళ్ళును ఉండి, నూరు దెబ్బలలోపల ముగింపలేని సామాన్యులు ఎందరో కలరు. జోన్సు ఈ వింతను గూర్చి లోతుగా ఆలోచించెను. కాలు పోయినను ఊపు ఎట్లు నిలిచినది? కర్రతలను స్వేచ్ఛగా ఊపవలెనను సంకల్పము తనయందు చెక్కుచెదరకుండెను. దేహము తనకున్న అవయవములతోనే దాని కనుగుణముగా కుదురుకొన్నది. కావున ఆటగాని మనస్సు ఒక్కొక్క అవయవముపై గాక, కర్రతల ఊపుపై నిలువవలెనని అతడు నిశ్చయించెను.

దీనిని బోధించుటకు అతడు అవలంబించిన ఉపాయము చాల సులభమైనది. చేతిరుమాలు కొసకు ఒక జేబుకత్తిని కట్టి, రెండవ కొసను పట్టుకొని ఊపెడివాడు. మెల్లగా, తీరుగా ఊపినంతసేపు గుడ్డ బిగువుగా నుండును; కత్తి చేతిని అనుసరించి చక్కని వంపులో పోవును. త్వరపడి చేతిని ఒక్కసారి కుదిపినచో గుడ్డ సడలిపోవును. కత్తి దారి తప్పును. గుడ్డతో దేనిని నెట్టుట సాధ్యము కాదు. ఊపుట మాత్రమే సాధ్యము. కర్రను కూడ ఆ గుడ్డయే యని తలంచి ఊపుడని అతడు శిష్యులకు చెప్పెడివాడు. తరువాత అతడు అమెరికాకు పోయి, న్యూయార్కు నగరమున ఒక మేడగదిలో పాఠములు చెప్పెను. అక్కడ బంతి ఎంత దూరము పోయినదో చూచుటకు వీలే లేదు. ఊపు సరిగానున్న బంతి దూరమును గూర్చి చింత యక్కరలేదని అతని విశ్వాసము. అతని శిష్యురాలు వర్జీనియా వాన్‌వీ 1932, 1933, 1934 సంవత్సరములలో వరుసగా మూడుమారులు అమెరికా మహిళల ఔత్సాహిక విజేత యయ్యెను.

జోన్సు మాటకును, శాస్త్రజ్ఞుల మాటకును భేదము కలదని కొందరికి తోచవచ్చును. దేహము కర్రను అనుసరించునని జోన్సు చెప్పెను. పాదములనుండి చలనము ఆరంభమగునని నేటి కొలతలు చెప్పుచున్నవి. రెండును పరిశీలించినచో ఒక విషయమున ఏకీభవించును. కర్రను నెట్టరాదు, ఊపవలెను. అవయవములు ఏ క్రమమున కదలునో కొలతలు తెలుపుచున్నవి; ఆ క్రమము చెడకుండుటకు ఆటగాని మనస్సు ఎక్కడ నుండవలెనో జోన్సు తెలిపెను. నడక నేర్చు పసివాడు మోకాలి కీలును గూర్చి ఆలోచింపడు. అమ్మ చేతులవైపు చూచి నడచును. అయినను కాళ్ళు తమ క్రమమున తాము కదలును.

ఊపును మెరుగుపరచుకొనగోరువారు పాటింపదగిన సాధనలు కొన్ని కలవు. మొదటిది పట్టు. చేతిలో పిచ్చుకపిల్లను ఉంచుకొన్నట్లు కర్రను పట్టవలెనని గురువులు చెప్పుదురు. అది జారిపోరాదు, నలిగిపోరాదు. రెండవది లయ. కర్రను వెనుకకెత్తుటకు పట్టు కాలము, క్రిందికి దింపుటకు పట్టు కాలమునకు సుమారు మూడు రెట్లు ఉండుట మేటి ఆటగాండ్రలో సాధారణము. తొందరపడి ఎత్తినవాడు తొందరపడియే దింపును. ఎత్తుటలో తిన్ననైనవానికి దింపుటలో క్రమము కుదురును. మూడవది సమతూకము. రెండు పాదములను దగ్గరగా చేర్చి, సగము ఊపుతో బంతిని కొట్టుట అభ్యసింపవలెను. బలముతో నెట్టినవాడు తూలును, ఊపినవాడు నిలుచును. దేహము ఎవరికి వారే పెట్టుకొను పరీక్ష యిది.

నాలుగవది మిక్కిలి రమ్యమైన సాధన. కర్రను తిరగవేసి, తలవైపున పట్టుకొని, బంతి లేకుండ ఊపవలెను. సన్నని కొస గాలిని కోయుచు రివ్వుమని ధ్వని చేయును. ఆ ధ్వని ఎక్కడ వినబడుచున్నదో చెవియొగ్గి వినవలెను. కుడిచెవి వద్దనే వినబడినచో వేగము ముందుగనే వ్యయమైనదని తెలిసికొనవలెను. బంతి ఉండవలసిన చోటనో, దానికి కొంచెము ముందుననో వినబడినచో మణికట్టు సకాలమున విచ్చుకొన్నదన్నమాట. ఈ సాధనకు గురువు కూడ అక్కరలేదు, చెవియే గురువు. తుదకు, కొట్టిన బంతి నేలకు దిగువరకు ఎడమపాదముపై కదలక నిలువగలుగుట మంచి ఊపునకు గుర్తు.

బలము నిరుపయోగమని దీని తాత్పర్యము కాదు. నేటి మేటి ఆటగాండ్రు కాళ్ళకును, మొండెమునకును బలము కలిగించు వ్యాయామములను నిత్యము చేయుచున్నారు. దృఢమైన దేహమునకు సరియైన క్రమము తోడైనచో వేగము ఇంకను పెరుగును. క్రమము లేని బలము మాత్రము తనతో తానే పోరాడును. అట్లే, శ్రమ లేని ఊపు శ్రమ లేకుండ లభించునని భ్రమపడరాదు. చూచువారికి అలవోకగా తోచు ఆ ఒక్క క్షణము వెనుక వేలకొలది ఊపుల అభ్యాసము కలదు. తబలాపై వాదకుని వ్రేళ్ళు తేలికగా ఆడుచున్నవన్నచో, ఆ వ్రేళ్ళు ఏండ్లతరబడి కష్టపడినవని అర్థము.

వ్రాతయందును, ఈతయందును, కత్తిసాముయందును ఈ న్యాయమే వర్తించును. కలమును బిగించి పట్టినవాని అక్షరములు వంకరపోవును; నీటితో పోరాడువాడు మునుగును. ఏ పనియందైనను ముందుగా క్రమము తెలిసికొని, అక్కరలేని బిగువును విడిచి, ఓపికతో అభ్యసించినవానికి వేగము తానై వచ్చును.